ఆవని దారిలో కారు ఆగిన రోజు

మొన్న బంగారుపేటలో పెట్రోలు పోయించుకోవడానికి ఆగాను. బంకులో పనిచేసే మనిషి కారు చుట్టూ ఒకసారి చూసి, "డ్రైవరు యాడికి పోయినాడమ్మా?" అని అడిగాడు. నేను స్టీరింగు ముందే కూర్చుని ఉన్నాను, తెల్ల జుట్టుతో, కళ్లజోడుతో, ఒళ్లో చేతిసంచితో. "డ్రైవరు నేనేనప్పా" అన్నాను. అతను నవ్వాడు. వెటకారంగా కాదు పాపం, ఆశ్చర్యపోయి నవ్వాడు. అయినా నాకు ఒళ్లు మండింది. పక్కన కూర్చున్న మా చెల్లెలు, "పోనీలే అక్కా, వయసులో ఉన్నప్పుడు కోప్పడితే సరే, ఇప్పుడేం కోపం" అంది. ఇప్పుడే కోపం. వయసులో ఉన్నప్పుడు కోప్పడటానికి తీరిక ఎక్కడిది? కారు ఎందుకు ఆగిందో వెతుక్కోవడంతోనే సరిపోయింది. ఇంటికి వచ్చి కాఫీ తాగినా ఆ మంట చల్లారలేదు, అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని కోలారు బంగారు గనులకు వచ్చి భూమిలోకి దిగాడు. మా నాయన దిగలేదు. మనుషులను ఇనుప బోనులో కూర్చోబెట్టి, ఉక్కు తాడు మీద లోపలికి దించి మళ్లీ పైకి తెచ్చే పెద్ద మిషను ఉంటుంది, దానికి డ్రైవరు ఆయన. కింద ఉన్నవాళ్లు గంట కొట్టి చెబితే దాన్ని బట్టి నడపాలి, చూసి నడపడానికి ఏమీ కనిపించదు. అందుకే ఆయనకు ఏ పనికైనా తొందర ఉండేది కాదు. ఇంట్లో కుక్కర్ విజిల్ పాడైనా, గడియారం ఆగినా ముందు చేతులు కట్టుకుని నిలబడి చూసేవాడు. "తెలీకుండా చెయ్యి పెట్టొద్దు. పెడితే ఒక్కటే మార్చు, మార్చినాక చూడు. రెండు మార్చినావంటే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలీదు" అనేవాడు. పొద్దున అమ్మ రాగి సంగటి కెలుకుతుంటే కూడా పొయ్యి పక్కన ఆయన అలాగే నిలబడితే, "నా సంగటికి గంట కొట్టేవాళ్లు ఎవురూ లేరు, అవతలికి పో" అని అమ్మ కసురుకునేది.

గనులు సర్కారు చేతికి వచ్చాక బంగళాల్లో ఉండే పాత ఆఫీసర్లు ఒక్కొక్కరే ఊరు విడిచారు. పోతూ పోతూ కుక్కలను, పియానోలను, కుర్చీలను ఎవరికో ఒకరికి అంటగట్టిపోయేవాళ్లు. మా నాయనకు ఒక పాత ఇంగ్లీషు కారు దక్కింది, మా ఇంట్లో దాన్ని గాడి అనేవాళ్లం. ముదురాకుపచ్చ రంగు, లోపల తోలు సీట్లు, వాటి కుట్లలో ఇంకా దాన్ని వదిలిపోయిన దొరసాని కుక్క వెంట్రుకలు. పెట్రోలు, పాత తోలు, కలరా ఉండల వాసన కలిసి ఆ కారుకో ప్రత్యేకమైన వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత బీరువా తెరిస్తే నాకు ఆ కారే గుర్తొస్తుంది. గని కూలీల లైను ఇళ్లలో కారున్న ఇల్లు మాదొక్కటే. రేకుల షెడ్డు వేసి దాన్ని నిలబెట్టాం, మా ఇంటి కంటే ఆ షెడ్డే కాస్త పెద్దది. నాయన కళ్లు మసకబారడం మొదలైనప్పుడు ఆయన్ని మిషను మీద నుంచి తప్పించి స్టోరులో వేశారు. ఆ బాధను ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఆదివారం నన్ను పిలిచి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. టైపు నేర్చుకుని ఇంట్లో ఖాళీగా ఉన్నాను అప్పుడు. గేరు వేసిన మొదటి రోజే నాకు తెలిసిపోయింది, నేను బతికితే ఈ పని చేసే బతకాలని. బంగారుపేట స్టేషనుకు రైళ్ల కోసం పోయేవాళ్లు, మాలూరు ఆస్పత్రికని, ముళబాగిలు కోర్టుకని తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను బాడుగకు తిప్పుతానని ఇంట్లో చెప్పాను. అవ్వ చెంపలు వేసుకుంది. నాయన అవుననలేదు, కాదనలేదు.

మా ఊరి దుమ్ము గురించి చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. రాతిని పిండి చేసి, అందులో బంగారం తీసుకుని, మిగిలిన పిండిని గుట్టలుగా పోసేవాళ్లు. సైనైడ్ దిబ్బలంటాం. గాలికాలం వచ్చిందంటే ఆ తెల్లపిండి లేచి ఊరంతా కమ్మేసేది. అన్నంలో, కళ్లలో, పక్కబట్టల్లో అదే. అందుకని మా లైన్లలో ప్రతి ఆడమనిషికీ ఒక చదువు ఉండేది, దేని మూతి ఎలా కట్టాలో. బియ్యం డబ్బాకు సైకిలు ట్యూబు కోసి రింగు, నీళ్ల బిందెకు పళ్లెం, దాని మీద తడిగుడ్డ, ఊరగాయ జాడీకి రెండు గుడ్డలు, పాలకుండకు పలచటి పాత పంచె ముక్క. మా అమ్మ ఇందులో ఆరితేరిన మనిషి. పొద్దున లేవగానే ముగ్గు కంటే ముందు ఇంట్లో ఉన్న మూతులన్నీ తడిమి చూసుకునేది. ఆమె కట్టిన మూతి తియ్యడానికి మాకు పళ్లు వాడాల్సి వచ్చేది.

ఒకసారి కారు నత్తి నత్తిగా నడుస్తుంటే మెకానిక్ దొరై వచ్చి, ఇంజను పక్కన పెట్రోలు పంపుకి ఉండే చిన్న గాజు గిన్నె విప్పి చూపించాడు. అడుగున తెల్లగా పిండి. "దిబ్బే లోపలికి వచ్చేసినాది సార్" అన్నాడు. పెట్రోలు ట్యాంకు మూత సందులోంచే వస్తోందని నాయన లెక్కకట్టి, మూత తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. మూతులు కట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరని ఆయన నమ్మకం. అమ్మ పాత లారీ ట్యూబు కోసి, గుండ్రటి బిళ్ల చేసి, మూత లోపల అంటీ అంటనట్టు కాకుండా బిగించి కూర్చోబెట్టింది. మూతకు మధ్యలో ఉన్న సన్నటి రంధ్రం కూడా దాని కింద మూసుకుపోయింది. దుమ్ము దూరేది దాంట్లోంచే అని మేమందరం తీర్మానించుకున్నాం. గాజు గిన్నె ఆ తర్వాత తళతళలాడింది. నాయన దాన్ని వెలుతురుకు పట్టి మురిసిపోయాడు, అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని చిన్నగా నవ్వింది.

కారు రోడ్డు మీద నిలబడటం ఆ తర్వాతే మొదలైంది. మార్కెట్టుకు పోయి వస్తే ఏమీ కాదు. దూరం పోతే మాత్రం బండి ఒకటి రెండు సార్లు దగ్గి, ఊపిరి అందనట్టు ఊగి, ఆగిపోయేది. అందరూ దిగేవాళ్లు. అప్పుడు మొదలయ్యేది వైద్యం. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, పంపు వేడెక్కిందని దాని మీద తడిగుడ్డ వేసేవాడు, కాసేపటికి కారు లేచేది. దొరై వస్తే కార్బొరేటరు విప్పి, దాని సన్నటి జెట్టును నోటితో ఊది పెట్టేవాడు, కారు లేచేది. ఒకసారి దారినపోయే లారీ డ్రైవరు బానెట్ మీద గట్టిగా రెండు గుద్దులు గుద్దాడు, దానికీ లేచింది. మా అవ్వ నిమ్మకాయ తిప్పి పడేసినప్పుడు కూడా లేచింది. అందరి వైద్యమూ ఫలించేది కాబట్టి అందరూ గొప్పవాళ్లే. మళ్లీ కొన్ని మైళ్లు పోగానే ఆగేది, కొత్త వైద్యుడు తయారు.

చివరికి అది బంగారుపేట రైలు గేటు మధ్యలో ఆగింది. స్టీరింగు ముందు నేను, లోపల చిన్నాయన, పిన్నమ్మ, పెళ్లివారింటికి పోతున్న బంధువులు. వెనక బస్సు హారన్లు, గేటుమన్ కేకలు. చిన్నాయన కొత్త పంచె ఎగ్గట్టి కారును పట్టాల మీద నుంచి తోశాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఇంటికి వచ్చి నాయన ముందు కూర్చుని, "అన్నా, ఇంగ చాలు. మాలూరులో ఇటికల బట్టీ ఆయన ఒకడు అడగతా ఉండాడు. ఆదివారం సాయంత్రం పిలిపిస్తా, ఇచ్చేయ్" అన్నాడు. నేను లోపలి నుంచి వచ్చి, "ఇచ్చేదానికి లేదు" అన్నాను. "నీకేం తెలుసమ్మా, సుమ్మనే ఉండు" అన్నాడు చిన్నాయన. నాయన అప్పుడు నోరు విప్పాడు. "నీకు బాడుగకు తిప్పాలని ఉండాది, నాకు తెలుసు. నేను ఊ అననిది నువ్వు ఆడపిల్లవని కాదు. గాడి యాడ నిలబడితే ఆడ నువ్వు ఒంటిగా నిలబడాల. ఏంటికి నిలబడతాదో తెలీని గాడిలో నా బిడ్డను నేను పంపను." నేను మొండికేశాను. "ఆదివారం పొద్దున ఆవని సీతమ్మ గుడికి పోదాం. అమ్మకు మొక్కు ఉంది గదా. ఏంటికి నిలబడతాదో దోవలో కనిపెడతా. కనిపెట్టలేకుంటే సాయంత్రం ఇచ్చేయండి" అన్నాను. నాయన సరేనన్నాడు.

ఆ వారమంతా నా తలలో ఒకటే తిరిగింది. తడిగుడ్డ, ఊదడం, గుద్దడం, నిమ్మకాయ. ఇన్ని మందులు పనిచేశాయంటే వీటిలో ఏదీ మందు కాదు. రోగం తనంతట తనే తగ్గుతోంది, లేదా అందరూ చేసే పని ఇంకేదో ఉంది. ఎవరూ దాన్ని పని అనుకోవడం లేదు. అంతవరకే వచ్చింది నా బుర్ర, అక్కడ ఆగిపోయింది.

ఆదివారం ముందు సీట్లో నా పక్కన నాయన, వెనక అమ్మ, చిన్నాయన. చిన్నాయన సాక్షిగా వచ్చాడు, ఆ మాట ఆయనే అన్నాడు. బేతమంగళ దాటి, మామిడితోటలు మొదలయ్యే చోట కారు దగ్గింది. పక్కకు తీశాను, ఆగిపోయింది. చిన్నాయన ఎప్పటిలాగే దిగి, ముందు పెట్రోలు ఉందో లేదో చూద్దామని వెనక ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు. "ముట్టొద్దు!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. "పెట్రోలు ఉండాదో లేదో చూడొద్దా?" అన్నాడు. "పొద్దున నేనే పోయించినా. ఏదీ ముట్టొద్దు చిన్నాయనా, దేన్నీ ముట్టొద్దు." పెద్దవాళ్ల మీద అలా అరవడం నాకు అదే మొదలు. అమ్మ "ఏందే ఆ గొంతు" అంది. నాయన మాత్రం దిగి, చేతులు కట్టుకుని నిలబడి, "బిడ్డ చెప్పినట్టు చెయ్యి" అన్నాడు తమ్ముడితో.

బానెట్ ఎత్తాను. ముందు కార్బొరేటరు దగ్గర. దానికి పెట్రోలు తెచ్చే పైపు ఊడదీసి, కింద డబ్బా పట్టి, చిన్నాయనను కారు ముందున్న స్టార్టింగు హ్యాండిలు తిప్పమన్నాను. పంపు కొట్టుకుంది, పెట్రోలు రాలేదు. అంటే ఇన్నాళ్లూ విప్పి ఊదిన కార్బొరేటరు పాపం నిర్దోషి, దానికి తిండే అందడం లేదు. తర్వాత పంపు. దాని గాజు గిన్నె సగం ఖాళీ, అడుగున రవ్వంత దుమ్ము లేదు. "పంపు పోయినాది. నేను చెప్పలా? తడిగుడ్డ ఇయ్యి" అన్నాడు చిన్నాయన. "ఇయ్యను" అన్నాను. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు నట్టు వదులు చేసి లాగాను. లాగగానే ఆ పైపు గుక్కపెట్టినట్టు చప్పుడు చేసింది. చటుక్కున దాని మూతిని ఎడమచేతి వేలితో మూశాను. కుడి బొటనవేలు పంపు మూతికి పెట్టి మళ్లీ హ్యాండిలు తిప్పించాను. పంపు నా బొటనవేలిని బాగానే పీలుస్తోంది. పంపు కూడా నిర్దోషే. నన్ను నిలువునా ఆపింది ఎడమచేతి వేలు. పెట్రోలు తెచ్చి ఇవ్వాల్సిన పైపు నా వేలి చర్మాన్ని లోపలికి లాగుతోంది. ఇచ్చేది పోయి, పట్టుకుని లాక్కుంటోంది.

"నాయనా, ట్యాంకు వెనక్కి పీలుస్తా ఉండాది" అన్నాను. ఆయన దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లు మసకే గానీ నా ముఖం బాగానే చూశాడు. అప్పుడు నాకు తట్టింది, అందరూ చేసే ఆ పని ఏదో. ప్రతి వైద్యుడూ ముందు మూత తీసి పెట్రోలు చూసేవాడు. మా అవ్వ నిమ్మకాయ తిప్పేలోపు కూడా ఎవరో ఒకరు చూసే ఉంటారు. "అమ్మా, ఇప్పుడు నువ్వు పోయి మూత తియ్యి. ఒక్క మూతే" అన్నాను. అమ్మ కొంగు దోపుకుని వెనక్కి వెళ్లింది. తను బిగించిన మూత తనే బలంగా తిప్పింది. ఉస్సుమని పొడుగ్గా ఒక చప్పుడు, గాలి లోపలికి పోతున్న చప్పుడు. అదే క్షణంలో నా వేలు పైపు నుంచి వదులైపోయింది. పెట్రోలు ఖర్చవుతున్న కొద్దీ దాని జాగాలోకి గాలి రావాలి. ఆ గాలి కోసం తయారుచేసినవాళ్లు మూతకు సన్నటి రంధ్రం పెట్టారు. దాన్ని మేం దుమ్ము దూరే సందు అనుకుని మూశాం. ఇంకో ఊళ్లో అయితే ఈ తప్పు ఎవరూ చెయ్యరు.

చిన్నాయన పగలబడి నవ్వాడు. "వదినా, గాడికి ఊపిరాడకుండా గొంతు పిసికింది నువ్వా! మేము దొరైని తిట్టుకుంటిమే!" అమ్మ రోడ్డు పక్కన ఆ మూత పట్టుకుని నిలబడిపోయింది. ఆమె ముఖం చిన్నబోయింది. గెలిచానన్న సంతోషం నాకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు, కోపం వచ్చేసింది. "నవ్వద్దు చిన్నాయనా. ఆ చేతులు మూతులు కట్టకుంటే నీకూ నాకూ ఇన్నేళ్లూ అన్నంలో దిబ్బ కలిపి పెట్టినట్టే. నవ్వాలంటే ఆ దిబ్బను పోసినోళ్లను చూసి నవ్వు" అన్నాను. ఆయన నవ్వు ఆపేశాడు. నాయన నిదానంగా, "మూత ఆమె చేతికి ఇచ్చింది నేను" అన్నాడు. అప్పుడు అమ్మే అంది, "బొక్క తెరిస్తే దుమ్ము లోపలికి పోతాది. మూస్తే ఊపిరాడదు. పాలకుండకు ఏం చేస్తాం? మూత పెట్టం గదా, గుడ్డ కడతాం." రబ్బరు బిళ్ల పీకి చెట్లలోకి విసిరేసి, పూజ సంచిలో కొబ్బరికాయకు చుట్టిన పాత పంచె చింపి, రెండు మడతలు వేసి మూత లోపల పరిచి బిగించింది. నేను పైపులు తగిలించాను. కారు లేచింది. ఆవని గుట్ట కింద దాకా ఒక్క దగ్గు దగ్గలేదు. అమ్మ సీతమ్మకు మొక్కు తీర్చుకుని వచ్చేదాకా నేను కారు దగ్గరే కూర్చున్నాను, చేతులకు పెట్రోలు వాసనతో. నా మొక్కు అప్పటికే తీరింది.

ఇప్పుడు గనులు లేవు. గని బావుల మీద నిలబడ్డ ఇనుప గోపురాలు తుప్పు పట్టాయి, లైను ఇళ్ల పైకప్పులు కూలాయి, దిబ్బలు మాత్రం కదలకుండా ఉన్నాయి. గాలికాలంలో ఇప్పటికీ లేస్తాయి. ఎవరెవరో వచ్చి ఫొటోలు తీసుకుని, పాపం ఈ జనం దుమ్ములో మగ్గిపోయారని రాస్తారు. మగ్గలేదు. ప్రతి పొద్దునా దాని మూతి కట్టి, సంగటి తిని, పనికి పోయాం. ఇప్పటి నా కారులో పెట్రోలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో నాకు కనిపించదు. బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత, దాని కింద ఇంకో మూత. సర్వీసుకు ఇస్తే ఏదో మిషను తగిలించి, పెట్టె మొత్తం మార్చాలంటారు. మంచి కారే, ఆగదు. కాదనను. కానీ ఆగితే ఎందుకు ఆగిందో తెలుసుకునే హక్కు నాదేనని నేను ఇంకా వాదిస్తాను. సర్వీసు వాళ్లకు నన్ను చూస్తే భయం, ఆ భయం నాకు ఇష్టం.

ఆ ఆదివారం సాయంత్రం ఆవని నుంచి మేం తిరిగి వచ్చేసరికి మాలూరు ఇటికల బట్టీ ఆయన మా వాకిట్లో స్టూలు మీద కూర్చుని పిన్నమ్మ ఇచ్చిన కాఫీ తాగుతున్నాడు. తెల్లటి చొక్కా, చేతికి రెండు ఉంగరాలు. లేచి కారు చుట్టూ తిరిగి, టైర్లను కాలితో తన్ని చూశాడు. "దోవలో నిలబడిందా?" అని అడిగాడు. నిలబడిందంటే ధర తగ్గుతుంది కదా, ఆయన ముఖంలో ఆశ కనిపించింది. చిన్నాయన నా వైపు చూసి, తల దించుకుని, "నిలబడింది. ఏంటికో కనిపెట్టేసినాది మా బిడ్డ" అన్నాడు. నాయన కారు దిగి పైకండువా దులుపుకుని, "గాడి అమ్మడం లేదప్పా. బాడుగకు పెడతా ఉండాం" అన్నాడు. నేను ఆ మాట వింటూ స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టుకుని ఉండిపోయాను. మా అవ్వ గడపలో నిలబడి ఏదో గొణిగింది. బట్టీ ఆయన, "అంత దూరం నుంచి వచ్చినాను, ఇదేం న్యాయం?" అన్నాడు. "వచ్చినావు గదా, పోవాల గదా. బంగారుపేట స్టేషనుకు మా బిడ్డ దించొస్తాది, ఎక్కు" అన్నాడు నాయన.

ఆయన నన్ను చూశాడు, కారును చూశాడు, రోడ్డు వైపు చూశాడు. బస్సు రావడానికి ఇంకా చాలాసేపుంది. గొణుక్కుంటూనే వెనక సీట్లో ఎక్కాడు. నాయన ముందు సీట్లో నా పక్కన కూర్చుంటాడని ఎదురుచూశాను. ఆయన వెనక డోరు గట్టిగా వేసి, అది పడిందో లేదో ఒకసారి తోసి చూసి, జాగ్రత్త అని కూడా అనకుండా ఇంట్లోకి వెళ్లిపోయాడు. బట్టీ ఆయన దోవంతా ముందు సీటును రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. స్టేషను ముందు దిగి, చొక్కా సర్దుకుని, "ఎంత ఇయ్యాలమ్మా?" అని అడిగాడు. కావాలనే ఎక్కువ చెప్పాను. బేరం ఆడకుండా ఇచ్చాడు.